తనిఖీ చేసే పిల్లల వేతనాన్ని తనిఖీ చేసేదెవరు?

(పలాసలో ముస్లిం కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెద్దలారా, సోదరులారా, తెర అవతల కూర్చున్న తల్లులారా, చెల్లెళ్లారా!

నేడు నేను మాట్లాడబోయేది ఒక ఉద్యోగం గురించి. దాని పేరు క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌. కొన్ని కంపెనీల్లో క్వాలిటీ చెకర్‌ అంటారు. లైన్‌లో పనిచేసేవారు 'చెకింగ్‌' అని ఊరుకుంటారు. బెంగళూరు గార్మెంట్‌ కర్మాగారాల్లో నేను 9 సంవత్సరాలు ఈ పని చేశాను. మొదట చెకర్‌గా, తరవాత చెకర్లపై పెత్తనం చేసేవాడిగా. కాబట్టి విన్నమాటలు కాదు, కన్నమాటలే చెబుతాను. వాటిలో నాకు గౌరవం తెచ్చిపెట్టని మాట కూడా ఒకటుంది. అదీ దాచను.

బెంగళూరు దాకా పోయే ముందు మన కాశీబుగ్గ వీధుల్లోనే ఒక్క క్షణం ఆగుదాం. పలాస పరిసరాల్లో రెండు వందలకు పైగా జీడి పరిశ్రమలున్నాయి. పిక్కను ఉడికించడం, కొట్టడం, పొట్టు తీయడం పూర్తయ్యాక పప్పు గ్రేడింగ్‌ బల్ల మీదికి వస్తుంది. అక్కడ కూర్చున్న మహిళ 320 రకాన్ని 240 రకం నుంచి, 240ని 180 నుంచి కంటిచూపుతో వేరు చేస్తుంది. డబ్ల్యూ 320 అంటే ఒక పౌనుకు, అనగా 454 గ్రాములకు, 300 నుంచి 320 వరకు తూగే గుండు పప్పు. డబ్ల్యూ 180 అయితే 170 నుంచి 180 గింజలే. రకం మారితే ధర మారుతుంది. బద్దను, ముక్కను, మాడిన గింజను ఏరి పక్కన పెట్టేదీ ఆమె కళ్లే. ఇది నాణ్యత తనిఖీ కాక మరేమిటి? కాని మన ఊళ్లో ఆమెను ఎవరూ ఇన్‌స్పెక్టర్‌ అనరు. జీడి కూలీ అంటారు. కిలోకు ఇంత, రోజుకు ఇంత అని లెక్కగట్టి చేతిలో పెడతారు.

ఆమె కూతురు ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌ ఎక్కి బెంగళూరు చేరుతుంది. అక్కడ మెడలో గుర్తింపు కార్డు వేస్తారు. దాని మీద 'క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌' అని ఉంటుంది. ఇంటికి ఫొటో పంపుతుంది. తల్లి మురిసిపోతుంది. ఆ మురిపెం న్యాయమైనదే. నా ప్రశ్న ఒక్కటే: కార్డు మీద రాసిన పేరే జీతం రిజిస్టరులోనూ ఉందా?

పిల్లలు ఎందుకు వెళుతున్నారో మీకు నేను చెప్పనక్కరలేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మన తీరం దాటిన రాత్రి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. ముప్ఫై, నలభై ఏళ్ల చెట్టు పోయిన చోట కొత్త మొక్క కాపుకు రావాలంటే ఏళ్లు ఆగాలి. ఇక కిడ్నీ వ్యాధి. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో సంపాదించే మగమనిషి మంచం పడితే ఇంటి భారం పద్దెనిమిదేళ్ల పిల్ల మీద పడుతోంది. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమైంది, సంతోషం. డయాలసిస్‌ ఉచితమైనా ఇంట్లో పొయ్యి వెలగాలి కదా. ఈ జిల్లా జనాభాలో ముస్లింలు ఒక్క శాతమైనా లేరు. తోటలున్నవారు మనలో మరీ తక్కువ. కుట్టు మిషనూ, చిన్న దుకాణమూ, కూలిపనీ మనకు తెలిసిన దారులు. 2006లో వచ్చిన సచార్‌ కమిటీ నివేదిక దేశమంతటా ముస్లిం శ్రామికుల పరిస్థితి ఇదేనని చెప్పింది. నెలజీతపు ఉద్యోగాల్లో తక్కువ, సొంత చిల్లర పనుల్లోనూ ఇంటిపట్టున చేసే పనుల్లోనూ ఎక్కువ. అందుకే నెలజీతం అనగానే మనం ఏ కాగితం మీదనైనా కళ్లు మూసుకొని సంతకం చేస్తాం.

ఇప్పుడు పని సంగతి. బట్ట మిల్లు నుంచి వచ్చిన తాను మొదలుకొని పెట్టె కట్టే వరకు మూడు నాలుగు చోట్ల తనిఖీ ఉంటుంది. తాను తనిఖీలో నాలుగు పాయింట్ల పద్ధతి వాడతారు. లోపం 3 అంగుళాలలోపు ఉంటే 1 పాయింటు, 6 అంగుళాల దాకా 2, 9 అంగుళాల దాకా 3, అంతకు మించితే 4. వంద చదరపు గజాలకు 40 పాయింట్లు దాటితే సాధారణంగా ఆ తానును తిప్పి పంపుతారు. తరవాత కుట్టు లైన్‌ మధ్యలో ఒకరు, లైన్‌ చివర ఒకరిద్దరు చెకర్లు ఉంటారు. గంటకు 100 చొక్కాలు వచ్చే లైన్‌ చివర ఇద్దరుంటే ఒక్కొక్క చొక్కాకు 72 సెకన్లు దక్కుతాయి. ఆ 72 సెకన్లలో కాలరు రెండు కొనలు సమానమా, కఫ్‌ కుట్టు సరిగా పడిందా, కాజా అంచులు ఊడుతున్నాయా, గుండీ లాగితే వస్తుందా, పక్క కుట్టులో ముడత ఉందా, సైజు లేబులు సరైనదేనా అన్నీ చూడాలి. నూనె మరక వెతకాలి. వేలాడే దారం కత్తిరించాలి. లోపమున్న చోట స్టిక్కరు అంటించి, ఏ మిషను దగ్గర తప్పు జరిగిందో షీటులో గీత పెట్టి, సరిచేయడానికి వెనక్కి పంపాలి. సూది విరిగితే మరో బాధ్యత. విరిగిన ముక్కలన్నీ ఏరి రిజిస్టరులో అతికించాలి. ఒక్క ముక్క దొరకకపోయినా చుట్టుపక్కల ఉన్న బట్టలన్నిటినీ సూదిని పసిగట్టే యంత్రంలో నడపాలి. ఎందుకంటే ఆ చొక్కా ఎక్కడో ఒక పసిబిడ్డ ఒంటి మీదికి పోవచ్చు.

ఇదంతా నిలబడి చేయాలి. కుట్టేవారికి కనీసం స్టూలుంటుంది, చెకర్‌కు అదీ ఉండదు. పైగా ఇద్దరికీ చెడ్డ. లోపం పట్టుకుంటే కుట్టే అమ్మాయికి కోపం, ఆమె టార్గెట్‌ పడిపోతుంది కనుక. పట్టుకోకపోతే మేనేజరుకు కోపం. సొంత ఊరి పిల్ల కుట్టిన బట్టనే వెనక్కి పంపి, రాత్రి హాస్టల్‌ గదిలో ఆమె పక్కనే పడుకోవలసిన ఇబ్బంది ఎంతటిదో అనుభవించినవారికే తెలుసు.

మరొక విషయం ఉద్దానం తల్లులు జాగ్రత్తగా వినాలి. చెకింగ్‌ బల్ల వదిలి వెళితే బట్టలు కుప్పపడతాయి. బాత్రూముకు వెళ్లడానికి అడగాలి, అడిగితే మాట పడాలి. అందుకని పిల్లలు నీళ్లు తాగడం మానేస్తారు. ఉదయం ఒక గ్లాసు, మధ్యాహ్నం అన్నంతో ఒక గ్లాసు. ఉద్దానం కిడ్నీ వ్యాధికి ఇదే కారణమని శాస్త్రం ఇంకా తేల్చి చెప్పలేదు. కాని నీళ్లు తక్కువ తాగడం మూత్రపిండాలకు చేటన్నది ఏ వైద్యుడైనా చెప్పే మాట. ఇంట్లో తండ్రికి ఆ జబ్బున్న పిల్ల అక్కడ తొమ్మిది గంటలు దాహం చంపుకొని నిలబడుతోంది. ఫోనులో 'తిన్నావా' అని అడుగుతాం. 'నీళ్లు తాగుతున్నావా' అని కూడా అడగండి.

జీతం లెక్కకు వస్తాను. రాష్ట్రానికి, మండలానికి, పని వర్గానికి కనీస వేతనం వేరువేరుగా ఉంటుంది కాబట్టి ఒక ఉదాహరణ తీసుకుందాం. మూలవేతనం, కరవు భత్యం కలిపి నెలకు 13,000 రూపాయలు అనుకోండి. ఉద్యోగి వాటాగా పీఎఫ్‌ 12 శాతం, అంటే 1,560. ఈఎస్‌ఐ 0.75 శాతం, సుమారు 98. చేతికి వచ్చేది 11,342. యజమాని తన వాటాగా పీఎఫ్‌కు మరో 1,560, ఈఎస్‌ఐకి 3.25 శాతం చొప్పున సుమారు 423 కట్టాలి. ఇవన్నీ కలిపితే 14,983. మన ఊరికి వచ్చే ఏజెంటు 'పదిహేను వేల జీతం' అని చెప్పేది ఈ మొత్తాన్నే! అతడు అబద్ధమాడలేదు, నిజమూ చెప్పలేదు. పదిహేను వేలనుకొని వెళ్లిన పిల్ల చేతిలో పదకొండు వేల చిల్లర పడుతుంది. అందులో హాస్టల్‌, భోజనం పోతే ఇంటికి పంపేదెంతో మీరే లెక్కవేయండి.

ఇక ఓవర్‌టైమ్‌. 13,000ను 26 రోజులతో భాగిస్తే రోజుకు 500, గంటకు 62 రూపాయల 50 పైసలు. చట్టం ప్రకారం అదనపు గంటకు రెట్టింపు చెల్లించాలి, అంటే 125. ఇది కొత్త సంగతేమీ కాదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 59వ సెక్షన్‌లోనే ఉండేది, 2019 వేతనాల కోడ్‌లోనూ ఉంది. ఆ కోడ్‌ 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చింది. ఆచరణలో ఏం జరుగుతుంది? షిఫ్టు ముగిసినట్లు కార్డు గీకించి, 'ఈ నాలుగు బండిళ్లు చూసి వెళ్లు' అంటారు. లేదా ఈ ఆదివారం రా, వచ్చే వారం సెలవు తీసుకో అంటారు. ఆ సెలవు రాదు. కుట్టేవారి పని ముగిసినా ఆ రోజు బట్టలన్నీ తేలేవరకు చెకర్‌ ఇంటికి పోలేడు కనుక, ఈ మోసం చెకర్లకే ఎక్కువ తగులుతుంది.

కార్డు మీది పేరు సంగతి ఇందాక అడిగాను. ప్రభుత్వాల కనీస వేతన ఉత్తర్వుల్లో పనులను నైపుణ్యం లేనివి, అర్ధనైపుణ్యం గలవి, నైపుణ్యం గలవి అంటూ వర్గాలుగా విభజిస్తారు. ఒక్కొక్క వర్గానికి ఒక్కొక్క రేటు. పని చెకర్‌ది చేయించుకొని, రిజిస్టరులో హెల్పర్‌ అని రాస్తే నెలనెలా ఆ తేడా యజమానికి మిగులుతుంది. నేను చెకర్‌గా చేరిన మొదటి 14 నెలలు నా పే స్లిప్పులో హెల్పర్‌ అనే ఉంది. నేను చూడలేదు. చూడాలని నాకు ఎవరూ చెప్పలేదు. చదువు రాని వాడినీ కాను, ఇంటర్‌ పాసయ్యాను! ఆ సొమ్ము నాకు తిరిగి రాలేదు.

తప్పు దొరికితే కోత విధించడం మరొకటి. జరిమానా వేయాలంటే ఏ తప్పుకు వేస్తారో ముందే ప్రకటించి ఉండాలి, కార్మికుడి వివరణ వినాలి, ఆ మొత్తం ఆ వేతన కాలపు వేతనంలో 3 శాతం దాటకూడదు. 13,000కు 390 రూపాయలు. 'నీ లాటు ఫెయిలైంది, వెయ్యి కోస్తున్నాను' అనే అధికారం ఏ సూపర్‌వైజరుకూ లేదు. జీతం మరుసటి నెల 7వ తేదీలోపు పడాలి. కూలి చెల్లింపులో జాప్యం కూడదన్న దైవప్రవక్త (స) హితవు మనందరికీ కంఠస్థమే. కాబట్టి దాన్ని మళ్లీ చెప్పను. మన వీధిలో మనవారే నడిపే టైలరింగ్‌ షాపుల్లో కాజాలు కుట్టే పిల్లలకు ఆ హితవు ప్రకారం ఇస్తున్నామా అని మాత్రం అడుగుతాను. ఎవరినీ నొప్పించాలని కాదు. అడగకపోతే బెంగళూరు యజమానిని అడిగే నోరు మనకు ఉండదు.

ఇప్పుడు నేను దాచనన్న మాట. ఒకసారి 3,000 చొక్కాల లాటు తుది తనిఖీకి వచ్చింది. అంత లాటులో పద్ధతి ప్రకారం 125 చొక్కాలు తీసి చూడాలి. పెద్ద లోపాలు 7 వరకు ఉంటే అంగీకారం, 8 ఉంటే తిరస్కారం. మాకు 9 దొరికాయి. గేటు దగ్గర కంటైనర్‌ ఆగి ఉంది. మేనేజరు వచ్చి, 'ఇందులో రెండు చిన్నవే కదా' అన్నాడు. ఆ రెండింటినీ పెద్ద లోపాల గడి నుంచి చిన్న లోపాల గడిలోకి మార్చి సంతకం చేశాను. తొమ్మిది ఏడయ్యాయి. లాటు వెళ్లింది. రెండు నెలలకు కొనుగోలుదారు నుంచి ఫిర్యాదు వచ్చి, కంపెనీ డబ్బు తిరిగి కట్టింది. శిక్ష ఎవరికి? నాకు కాదు, మేనేజరుకు కాదు. లైన్‌ చివర నిలబడిన ముగ్గురు చెకర్లను పనిలోంచి తీసేశారు. అందులో ఒక అమ్మాయిది మన సోంపేట వైపే. ఆమె ఆ లోపాలను షీటులో సరిగానే రాసింది. ఆ షీటు ఎవరికీ కనిపించలేదు. తూనికలో మోసం చేసేవారిని హెచ్చరించే ముతఫ్ఫిఫీన్‌ సూరాను చిన్నప్పటి నుంచి నమాజులో వింటున్నాను. హజ్రత్‌ షుఐబ్‌ (అ) తన జాతికి కొలతల గురించే చెప్పారని మౌల్వీ సాబ్‌ ఎన్నిసార్లు చెప్పారో! త్రాసు అంటే కిరాణా కొట్టులోదే అనుకున్నాను. ఆ రోజు నా చేతిలో ఉన్నదీ త్రాసే. క్వాలిటీ చెకర్‌ సంతకం ఒక సాక్ష్యం. సాక్షికి కడుపునిండా కూలి, నిర్భయంగా రాసే రక్షణ లేకపోతే ఆ సాక్ష్యం అమ్ముడుపోతుంది. నాది అలాగే పోయింది.

ఇలాంటి కాగితం విలువెంతో లోకం చూసింది. కరాచీలోని అలీ ఎంటర్‌ప్రైజెస్‌ గార్మెంట్‌ ఫ్యాక్టరీకి 2012లో అంతర్జాతీయ సామాజిక ప్రమాణాల ధ్రువపత్రం వచ్చింది. కొద్ది వారాలకే, సెప్టెంబరు 11న, అక్కడ అగ్నిప్రమాదంలో 250 మందికి పైగా చనిపోయారు. నిప్పు కావాలనే పెట్టారని తరవాత కోర్టు తేల్చింది. కాని ఊచలు బిగించిన కిటికీలు, మూసి ఉన్న దారులు లేకుంటే అంతమంది పోయేవారు కాదు. మన దగ్గర అచ్యుతాపురంలో వెయ్యి ఎకరాల్లో బ్రాండిక్స్‌ అపెరల్‌ సిటీ ఉంది. 2022 జూన్‌, ఆగస్టు నెలల్లో ఆ ఆవరణలో విషవాయువు పీల్చి వందలాది మహిళా కార్మికులు ఆసుపత్రి పాలయ్యారు. చొక్కాకు 72 సెకన్ల తనిఖీ ఉంది, దాన్ని కుట్టే గదికి అంత తనిఖీ లేదు.

అడిగితే వస్తుందా అని మీలో కొందరు నవ్వుతున్నారు. 2016 ఏప్రిల్‌లో పీఎఫ్‌ సొమ్మును 58 ఏళ్ల వరకు పూర్తిగా తీసుకోకూడదన్న నిబంధన మీద బెంగళూరు గార్మెంట్‌ మహిళలు వేలాదిగా రోడ్ల మీదికి వచ్చారు. ఏప్రిల్‌ 18, 19 తేదీల్లో నగరం స్తంభించింది. 19వ తేదీనే కేంద్రం ఆ నిబంధనను వెనక్కి తీసుకుంది. మరొకటి: 2020 ఏప్రిల్‌ నుంచి రావలసిన కరవు భత్యం పెంపును, నెలకు సుమారు 417 రూపాయలను, కరోనా పేరిట కర్ణాటక ప్రభుత్వం వాయిదా వేసింది. ఆ సెప్టెంబరులో హైకోర్టు ఆ ఉత్తర్వును నిలిపివేసింది. అయినా చాలా కంపెనీలు ఇవ్వలేదు. సంఘాలు పట్టువదలక పోరాడితే 2022లో కొందరికి బకాయిలతో సహా అందింది. 417 రూపాయల కోసం రెండేళ్లు! నవ్వొచ్చే అంకె కాదది. ఆ అంకెను లక్షల మందితో గుణించి చూడండి.

ముస్లిం పిల్లల ప్రత్యేక ఇబ్బందులు నాకు తెలియక కాదు. హాస్టల్‌లో పేరు విని గది లేదన్నవారున్నారు. రంజాన్‌లో ఇఫ్తార్‌ వేళకు పది నిమిషాలు అడిగితే ముఖం చిట్లించినవారున్నారు, ఆ పది నిమిషాలు తామే బల్ల దగ్గర నిలబడి 'నువ్వు వెళ్లు అక్కా' అన్న ఇతర మతాల చెల్లెళ్లూ ఉన్నారు. మనకున్న బీసీ–ఈ 4 శాతం రిజర్వేషన్‌ ప్రైవేటు ఫ్యాక్టరీ గేటు దాటదు. అక్కడ మనకు దక్కే హక్కు కార్మికురాలిగా దక్కేదే. అందుకే దాన్ని పూర్తిగా పట్టుకోవాలి. మన పేరుతో వేరే సంఘం కాక, అందరూ ఉన్న సంఘంలో మన పిల్లలూ ఉండాలని నా అభిప్రాయం. ఇక్కడి పెద్దల్లో కొందరు ఒప్పుకోరని తెలుసు. చర్చిద్దాం.

పంపే ముందు కొన్ని పనులున్నాయి. నియామక పత్రం అడగండి. ఇప్పుడు ప్రతి కార్మికుడికీ అది ఇవ్వాలని చట్టం చెబుతోంది. అందులో హోదా ఏమని రాశారో చదివించండి. మొదటి నెల పే స్లిప్పు వాట్సాప్‌లో తెప్పించుకోండి. పీఎఫ్‌ యూఏఎన్‌ నంబరు, ఈఎస్‌ఐ నంబరు ఇంట్లో ఒక పుస్తకంలో రాసి ఉంచండి. పిల్ల ఫోను పోతే ఆ నంబరుతోపాటు ఏళ్ల సొమ్మూ వెతుక్కోవలసి వస్తుంది. చెకింగ్‌ షీటును ఫోనులో ఫొటో తీయడానికి ఫ్యాక్టరీలో ఒప్పుకోరు. అందుకే రోజూ ఎన్ని చూశారో, ఎన్ని వెనక్కి పంపారో, ఎన్ని గంటలకు బయటపడ్డారో చిన్న డైరీలో రాసుకోమనండి. ఆ సోంపేట అమ్మాయి దగ్గర అలాంటి డైరీ ఉంటే కథ వేరేగా ఉండేది.

ఈఎస్‌ఐ గురించి మాత్రం కాస్త ఆగి చెప్పాలి. నెలకు 21,000 లోపు వేతనమున్న కార్మికురాలి మీద ఆధారపడిన తల్లిదండ్రులు కూడా ఈఎస్‌ఐ వైద్యానికి అర్హులు. ఆమె బెంగళూరులో ఉన్నా, కుటుంబం ఇక్కడ ఉంటే ఇక్కడి చిరునామాతో నమోదు చేయించుకోవచ్చు. టెక్కలిలో కిడ్నీ జబ్బుతో ఉన్న తండ్రికి అక్కడి కూతురి కార్డు అక్కరకు వస్తుందన్నమాట. డయాలసిస్‌ వంటి పెద్ద చికిత్సలకు ఇంత కాలం చందా కట్టి ఉండాలన్న షరతులున్నాయి. కాబట్టి మొదటి నెల నుంచే చందా పడుతోందా అన్నది చూడాలి. మూడు నెలలు 'ట్రైనీ' అని చెప్పి కార్డు ఇవ్వని చోట ఆ మూడు నెలలు నష్టపోయేది ఈ తండ్రే. ట్రైనీ అని పిలిచినంత మాత్రాన జీతం తీసుకునే మనిషి ఈఎస్‌ఐకి బయటివారు కాలేరని అక్కడే చెప్పమనండి.

మసీదు కమిటీకి ఒక విన్నపం. పెళ్లిళ్ల రిజిస్టరు ఉంది, చందాల రిజిస్టరు ఉంది. పొరుగూళ్లకు పనికి వెళ్లిన మన పిల్లల పేరు, కంపెనీ, హాస్టల్‌ చిరునామా, పంపిన ఏజెంటు ఫోను రాసే రిజిస్టరు ఒకటి ఈ జుమా నుంచే తెరవండి. ఏజెంటుకు ఆ సంగతి తెలియనివ్వండి కూడా. పేరు రాసి పెట్టారని తెలిస్తే అతడి మాటలో పదిహేను వేలు పదమూడు వేలవుతాయి. ఆ పదమూడే మనకు కావలసిన నిజం.

అస్ర్‌ నమాజు తరవాత నేను వసారాలోనే కూర్చుంటాను. పే స్లిప్పులు ఉన్నవారు తీసుకురండి, ఫోనులో ఉన్నా చాలు. హోదా గడి, ఓవర్‌టైమ్‌ గడి, ఈఎస్‌ఐ గడి ఈ మూడూ కలిసి చూద్దాం.